ఒక గొంతుకి ఒకే చోటు

పున్నం వెళ్ళిన మర్నాడు

గున్నా, ఒలే గున్నా.

నీకు రాయడం ఇదే మొదలు. బతికున్నప్పుడు రాసే పని పడలేదు. పిలిస్తే పలికేదానివి, కోపమొస్తే తలుపేసుకునేదానివి. రెండిట్లో ఏదో ఒకటి నాకు వినబడేది.

పొద్దున్న గొంతుల ఆఫీసు నుంచి హమజాకి గారు వచ్చింది. ఆవిడ మంచిదే, గానీ కూర్చోమంటే ఒక పట్టాన కూర్చోదు. ఇంకో అమాస దాటితే నీ సంవత్సరీకం వస్తుంది కదా, ఆలోపల నీ గొంతు ఎక్కడ ఉండాలో ఇంటివాళ్ళు తేల్చాలట. తేల్చేదాకా ఇంట్లో ఒకరు జరిగింది జరిగినట్టు రాస్తూ ఉండాలట, వాళ్ళ భాషలోనే, వాళ్ళ చేత్తోనే. నీ పేరు ఎవరికైనా ఇస్తే ఈ రాత వాళ్ళకి చేరుతుందట. ఇవ్వకపోతే ఆఫీసులో ఉంటుందట.

"నాది ఐదో తరగతండీ. తప్పులొస్తాయి" అన్నాను.

"తప్పులు ఉండనివ్వండి" అంది ఆవిడ.

ఎవరు చదువుతారో నాకనవసరం. నేను నీకే రాస్తాను.

ఈ దేశం పద్ధతి నీకు తెలుసు. ఒక గొంతుకి ఒకే చోటు. ఇంటి గొంతుగా ఉంచుకుంటే ఆఫీసువాళ్ళు నీ గొంతు పెట్టి ఇచ్చిన ఈ పెట్టెలో నాతోనే ఉంటావు, మాట్లాడతావు, బయటికి పాడవు. లేదంటే బతికున్న మనిషి ఎవరికైనా నీ పేరూ గొంతూ ఇవ్వాలి. అప్పుడు ఆ మనిషి పాడితే నీ గొంతు కలిసి వస్తుంది. కొన్నేళ్ళు పోతే ఆ మనిషి గొంతే పెరుగుతుంది, నీది పాలల్లో నీళ్ళలా కలిసిపోతుంది. ఇక్కడ పాటగాళ్ళ ఇళ్ళల్లో అలాగే చేస్తారట. మొదటామె, రెండో ఆమె, మూడో ఆమె అని పేరు నడుస్తుందట. అప్పుడు ఈ పెట్టె మాత్రం మూగైపోతుంది.

ఏడాది పాటు పెట్టెని నాకు ఊరికే ఇచ్చారు. "గున్నా" అంటే "ఏటమ్మా" అంటుంది. అచ్చం నువ్వే. నేను ఇంకేం తేల్చాలి? ఉంచుకుంటానని హమజాకి గారికి చెప్పేశాను. ఆవిడ కాదనలేదు. "గడువు ఉంది కదా" అని చెప్పులేసుకుని వెళ్ళిపోయింది.


చవితి

ఇవాళ పోటు ఎక్కువ. తెల్లారకుండానే వీధి వీధంతా నీళ్ళ మీది ఇళ్ళ కట్లు సడలించాం. నువ్వు పెద్ద ఊరిలో ఉన్న ఏళ్ళల్లో మర్చిపోయావేమో, మన తేలుడు వీధికి ఇంటికొకరు తాడు దగ్గర నిలబడాలి. పోటుకి వదలాలి, పాటుకి బిగించాలి. ఒక్క ఇల్లు మరిచిపోయిందంటే పక్కింటి గోడ మన వంటింట్లో ఉంటుంది. ఆ తరవాత పైకెక్కి ఎండ పలకల మీద ఉప్పు తుడిచాను. ఉప్పు పేరుకుంటే సాయంత్రానికి దీపం ఉండదు.

మీ అయ్య గుల్లల తాళ్ళకి వెళ్ళాడు. మునిగిపోయిన ఊళ్ళో మేడలున్నాయి కదా, వాటి బాల్కనీలకి కట్టిన తాళ్ళకి ఈసారి గుల్లలు బాగా పట్టాయి. ఎవరు కట్టుకున్న మేడలో, ఎవరు బట్టలారేసుకున్న బాల్కనీలో. మన దేశంలో మన ఊరిని కూడా ఇలాగే సముద్రం తీసుకుంది. అందుకే నాకు ఆ మేడలంటే పరాయిగా ఉండదు.

మీ అయ్య పెట్టె దగ్గరకి రాడు. నేను నీతో మాట్లాడుతుంటే వల తీసుకుని గుమ్మంలోకి పోతాడు.

"ఏటయ్యా, కూతురు పిలుస్తుంటే పలకవేటి?" అన్నాను.

"అది గున్న కాదే. గున్న గొంతు."

"రెండూ ఒకటి కాదేటి?"

"నా సొక్కా నాను కాదు గదా" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. రోజంతా మాట్లాడలేదు. నువ్వే అన్నావు, పెట్టెలోంచి, "పోనీలే అమ్మా, అయ్యని ఏటనకు" అని. బతికుండగా ఎన్నడూ మీ అయ్య తరఫున మాట్లాడిన పాపాన పోలేదు నువ్వు. ఇప్పుడు మాట్లాడుతున్నావు. సంతోషమే అనుకున్నాను.


అష్టమి, వాన లేదు

హమజాకి గారు కబురు పెట్టింది. ఇంట్లో నువ్వు ఎలా పాడడం మొదలుపెట్టావో రాయమంది. బయట అందరికీ ఉషియో తెలుసట, ఉషియో ముందర సంగతి ఎవరికీ తెలీదట.

అప్పుడు నీకు పద్నాలుగో పదిహేనో. మన గది గోడలు అట్టముక్కలే కదా. ఇటు నువ్వు దగ్గితే అటు వాళ్ళు మందేసుకుంటారని మీ అయ్య అనేవాడు. అందుకని పరుపులు పెట్టే అలమరలో దూరి, పరుపుల మధ్య కూర్చుని, తలుపు జరుపుకుని పాడేదానివి. బయటికొచ్చేసరికి జాకెట్టు పిండితే చెంబుడు చెమట.

"ఏటే ఆ పరుపుల్లో?"

"పని."

"ఏం పని?"

"నా పని."

అంతే. ఆ పాటల్ని లోకం మీదకి వదిలేదానివట, మొహం చూపించకుండా, ఉషియో అని పేరు పెట్టుకుని. వాళ్ళ మాటలో ఆటుపోటు అని అర్థం చెప్పావు. మనకి అన్నం పెట్టేది అదే కదా, నాకు నచ్చింది.

ఒకనాడు నువ్వు అలమరలో ఉన్నావని తెలీక పప్పుకి కుక్కర్ పెట్టేశాను. అది మన దేశం నుంచి చీరల మధ్య చుట్టుకుని తెచ్చిన కుక్కర్. ఇక్కడివాళ్ళ కుక్కర్లు మూగవి, ఉడికినా చెప్పవు. మనది మూడు విజిళ్ళు వేసింది, వీధి చివరకి వినబడేలాగ. మూడూ నీ పాటలో పడ్డాయి. నువ్వు పాట వదిలేశాక విన్నావు. తీసేద్దామనుకునే లోపలే జనం దాని మీద పడ్డారు. అదేం వాయిద్యం, ఎవరు వాయించారు, ఎక్కడ దొరుకుతుంది అని.

నువ్వు వంటింటి గుమ్మం పట్టుకుని నిలబడి, "అమ్మా, నీ కుక్కర్ నాకన్నా బాగా పాడతాదట" అన్నావు. మొహం మాడ్చుకునే అన్నావు గానీ కళ్ళు నవ్వుతున్నాయి.

అప్పటి నుంచి కొత్త పాట ఉందంటే, "అమ్మా, ఇవాళ పప్పు ఉందా?" అని అడిగేదానివి. నేను కందిపప్పు దాచి పెట్టేదాన్ని, నీ పాట కోసం.

ఆ పాట విన్నవాళ్ళల్లో ఎవరో నీకు బొమ్మ గీశారు. తడిసిన జుట్టుతో ఒక పిల్ల, నీళ్ళు కారుతుంటాయి. నువ్వు తెచ్చి చూపించావు. "దాన్ని తల తుడుచుకోమనే, జలుబు సేస్తాది" అన్నాను. ఆ మాట పోయి వాళ్ళకి చెప్పావు. రెండు రోజులు తిరక్కుండా బొమ్మ మెడలో తువ్వాలు వచ్చింది. ఇంకేం, నీ పాట వినేవాళ్ళందరూ మెడలో తువ్వాళ్ళు వేసుకోవడం మొదలు. పెద్ద ఊరిలో నువ్వు తెర వెనక పాడిన మొదటి రోజు హాలంతా తువ్వాళ్ళే. మీ అయ్య చూసి, "ఈళ్ళందరూ తానానికి వచ్చినారేటే?" అన్నాడు.

తెర మీద బొమ్మ, వెనకాల నువ్వు. ఎవరి పిల్లవో ఎవరికీ తెలీదు. నువ్వే ఒకనాడు చెప్పేశావు, మా అమ్మ గుల్లలు కడుగుతుంది, మాది తేలుడు వీధి, మాది వేరే దేశం అని. కొంతమంది వినడం మానేశారు. మిగిలినవాళ్ళు ఉన్నారు. ఉన్నవాళ్ళే చాలన్నావు. ఆ తరవాతే నీ పాటలు ఇంకా ఎక్కువ మంది దగ్గరకి పోయాయి.

రక్తం జబ్బు వచ్చాక ఆసుపత్రిలో దుప్పటి ముసుగేసుకుని పాడేదానివి, అలమర లేదని. ఆ సంగతి ఇంతకన్నా రాయలేను గున్నా.


ఏకాదశి

నీ తువ్వాళ్ళవాళ్ళు పడవల్లో వచ్చారు. గోల చెయ్యలేదు. మన వీధికి కొంచెం దూరంలో పడవలు ఆపి వంగి దణ్ణం పెట్టారు. నేను కూడా వంగాను. ఒక ముసలాయన కూడా ఉన్నాడు, మెడలో తువ్వాలుతో. హమజాకి గారు వాళ్ళతోనే దిగింది.

"వీళ్ళేం అడగడానికి రాలేదు, చూసిపోదామని వచ్చారు" అంది. నిలబడే, "ముగ్గురు ఆ పేరు తమకిమ్మని అడిగారు. మీరు ఇవ్వక్కర్లేదు. కానీ ఒక్కసారి చూడండి. మా పాత ఇళ్ళల్లో పద్ధతి, పేరు అడిగేవాళ్ళు ఆ ఇంట్లో ఒక రోజు పని చెయ్యాలి. పాట తరవాత. ముందు పని."

"నా ఇంట్లో పనికి నాను సాలనా?" అని మన మాటలోనే అనేశాను. ఆవిడకి అర్థమవలేదు, తల ఊపింది. ఊపి, నేను ఒప్పుకున్నానని రాసేసుకుంది. అలా అయ్యింది సంగతి.

మీ అయ్య పకపకా నవ్వాడు. "బాగా అయింది. ఒక రోజైనా నీ సేతికింద పని సేసి బతికి బట్టకట్టినోలు ఎవులో సూద్దాం."

నువ్వు కూడా పెట్టెలోంచి నవ్వావు. కానీ గున్నా, మీ అయ్య నవ్విన తరవాత నవ్వావు. ఎప్పుడూ ముందు నువ్వే నవ్వేదానివి.


అమాస

మొదటి పిల్ల వచ్చి వెళ్ళింది. చక్కటి పిల్ల, పని కూడా చక్కగా చేసింది. సాయంత్రం పాడమన్నాను. కళ్ళు మూసుకుని నీ పాటే పాడింది. ఊపిరి కూడా నువ్వు తీసిన చోటే తీసింది. దణ్ణం పెట్టి పంపించేశాను.

"అచ్చు గుద్దినట్టున్నాది గదే" అన్నాడు మీ అయ్య.

"అందుకే" అన్నాను.


విదియ

రెండో ఆమెకి మన వీధి ఊగుడు పడలేదు. పూటంతా అంచున కూర్చుని సముద్రంలోకి కక్కుకుంది. పాపం, జావ తాగించి, నేనే పడవ ఎక్కించి పంపాను. పడవలో కూడా వంగి వంగి క్షమించమంది. వంగినప్పుడల్లా మళ్ళీ తిప్పింది.


పంచమి. వాన

ఇవాళ జరిగింది వరసగా రాయాలి. వరస తప్పితే నాకే అర్థం కాదు.

మూడో పిల్ల పొద్దున్నే వచ్చింది. పేరు చినాత్సు. నోరు తిరక్క చిన్నా అన్నాను, ఊ కొట్టింది. మంచు కొండల వైపు నుంచి వచ్చింది. అక్కడ బస్సులు కడిగే చోట పనట. మెడలో తువ్వాలు, చేతులు గరుకు. వచ్చీ రాగానే గుమ్మం తగిలి పడింది. పడి, గుమ్మానికి దణ్ణం పెట్టింది. నన్ను వాళ్ళ మాటలో అత్తా అన్నట్టు పిలిచింది.

పని అడిగితే గుల్లలు కడగమన్నాను. వేలు కోసుకుంది. ఉప్పు పలకలు తుడవమన్నాను, బాగా తుడిచింది. బస్సు అద్దాలు తుడిచే చెయ్యి కదా. మధ్యాహ్నం కుక్కర్ పెట్టాను. మొదటి విజిలు వెయ్యగానే ఆ పిల్ల చేతిలో పని వదిలేసి దిగ్గున లేచి నిలబడి, తువ్వాలు సర్దుకుంది. నాకు అర్థం కాలేదు.

"ఏమయ్యింది?"

"విజిలు వస్తే మేం లేచి నిలబడతామత్తా. మూడో దానికి అందరం కలిసి పాట ఎత్తుకుంటాం. అలవాటు."

"అది పప్పే పిల్లా. కూకో."

కూర్చుంది. రెండో దానికి మళ్ళీ లేచింది. ఏడాదిలో నేను అంత నవ్వలేదు.

మధ్యాహ్నం తిరిగాక మబ్బు పట్టింది. నేను వంటింట్లో ఉన్నాను, చేతులకి శనగపిండి. కిటికీలోంచి చూస్తే నల్లగా కమ్ముకొస్తోంది. నోట్లోంచి అదే వచ్చేసింది, అలవాటు కదా, "గున్నా, వానొచ్చేస్తంది, బేగి తియ్యే" అని.

పెట్టెలోంచి నువ్వు, "తీస్తానమ్మా" అన్నావు.

అలా అని, పెట్టెలోనే ఉన్నావు.

నేను చేతులు అలాగే పెట్టుకుని నిలబడిపోయాను. బయట ధబధబా చప్పుడయ్యింది. చినాత్సు తాడు మీద బట్టలు లాగేస్తోంది. నా మాట ఒక్కటీ అర్థం కాలేదు దానికి. నా గొంతు విని, మబ్బు చూసి పరిగెత్తింది. నా చీర మెడకి చుట్టుకుంది, మీ అయ్య లుంగీ నెత్తి మీద వేసుకుంది, మిగతావి రెండు చంకల్లో.

అప్పుడు చూశాను. ఎండు చేపల తడికలు అలాగే ఉన్నాయి. చినుకులు మొదలయ్యాయి.

"ఒసే పిచ్చిదానా, బట్టలు కాదే, సేపలు!" అని పిండి చేతులతోనే పరిగెత్తాను. ఇద్దరం తడికలు ఈడ్చాం. సగం చేపలు తడిసిపోయాయి. నేను వాళ్ళ మాటలో తిట్టాను, అది చాలక మన మాటలో తిట్టాను. "బట్ట తడిస్తే ఆరతాది. సేప తడిస్తే పోతాది. పల్లెకారోళ్ళ ఇంట్లో ముందు ఏది తియ్యాలో తెలీదేటి?"

ఆ పిల్ల లుంగీ నెత్తి మీద నుంచి తీయకుండానే నా ఎదురుగా నిలబడి అంది, "మీరు చెప్పలేదు కదా అత్తా. మా ఊళ్ళో మంచు పడితే ముందు బట్టలే తీస్తాం. మా ఇంట్లో చేపలు ఆరబెట్టరు. చెప్పకుండా ఎలా తెలుస్తుంది? చెప్పండి, ఇంకోసారి చేపలే తీస్తాను."

ఎదురు మాట్లాడింది గున్నా. మొహం ఎర్రగా పెట్టుకుని. ఏడాదిగా ఈ ఇంట్లో నాకు ఎదురు మాట్లాడిన ఆడపిల్ల లేదు.

మీ అయ్య అప్పుడే పడవ కట్టి వస్తున్నాడు. దాని నెత్తి మీద తన లుంగీ చూసి, నా మొహం చూసి, తడిసిన చేపలు ఏరడానికి కూర్చున్నాడు.


షష్ఠి

వాన వల్ల పడవ రాలేదు. ఆ పిల్ల మన ఇంట్లోనే ఉండిపోయింది. పొద్దున్న పోటుకి తాడు దగ్గర నాతో నిలబడింది. నేను అడిగాను.

"నీకు నా కూతురి గొంతు ఎందుకు?"

తాడు వదులుతూనే చెప్పింది. "నేను బడిలో కొన్నేళ్ళు మాట్లాడలేదు అత్తా. మాట వచ్చేది, నోరు దాటేది కాదు. ఉషియో పాటల్ని బస్సు లోపల కూర్చుని, అద్దాలు ఎక్కించుకుని, ఆమెతో కలిసి పాడేదాన్ని. ఆమెతో అయితే నా గొంతు వస్తుంది. ఒక్కదాన్నే అయితే రాదు."

"పేరు వచ్చాక?"

"ముందు ఆమెతో పాడతాను. తరవాత తరవాత నాకే వస్తుందేమో."

"వచ్చాక నా కూతురు గొంతు నీకు అక్కర్లేదన్నమాట."

అబద్ధం చెబుతుందని చూశాను. చెప్పలేదు. "అప్పటికి ఏది ఆమెదో ఏది నాదో నాకు తెలీదనుకుంటానత్తా" అంది.

నాకు కోపం వచ్చింది. చాలా కోపం. మధ్యాహ్నం పడవ వస్తే ఎక్కించేశాను. వెళ్తూ వంగింది, నేను వంగలేదు. హమజాకి గారికి, గొంతు ఇంట్లోనే ఉంటుంది, ఇంక ఎవరినీ పంపొద్దు అని కబురు పెట్టాను.

మీ అయ్యతో అన్నాను, "నడక వచ్చేదాకా నా కూతురి వేలు పట్టుకుంటాదట. వచ్చినాక ఒగ్గేస్తాదట. ఎంత దైర్యం."

మీ అయ్య వల బాగుచేస్తున్నాడు. తల ఎత్తలేదు. "పిల్లలెవులైనా ఒగ్గేత్తారే. ఒగ్గకపోతేనే బయం."


సప్తమి

ఇవాళ నీతో గొడవ పడదామనుకున్నాను.

నిజంగానే అనుకున్నాను. పెట్టె ముందు కూర్చుని, "గున్నా, నీ పాటలు నాకు ఎప్పుడూ నచ్చలేదే" అన్నాను. అబద్ధం. నీకు కోపం తెప్పించాలని.

"పోనీలే అమ్మా" అన్నావు.

"ఆ తువ్వాలు బొమ్మ కూడా దరిద్రంగా ఉంటాది."

"నీకు నచ్చకపోతే సరేనమ్మా."

"నీ గొంతు ఆ చిన్నాకి ఇచ్చేత్తాను. నిన్ను అడగను కూడా అడగను."

"నీ ఇష్టం అమ్మా. నువ్వు సంతోషంగా ఉంటే సాలు."

అక్కడ ఆగిపోయాను గున్నా. నువ్వు ఆ మాట అనవు. నువ్వైతే, "ఎవులినడిగి ఇచ్చేస్తన్నావే? నాది కాదేటి గొంతు? ముందు ఆ గుంటని పిలు, పాడమను, నాను వినాల" అనేదానివి. నడుం మీద చెయ్యి పెట్టి అనేదానివి. పిలిచి, పాడించి, మూడు తప్పులు పట్టి, ఆఖరికి పరుపుల అలమరలో నీ పక్కన చోటిచ్చేదానివి. నిన్ను నేను కన్నాను, ఆ మాత్రం తెలీదా.

నాకు సంతోషంగా ఉండడానికి నిన్ను ఇంట్లో కూర్చోబెట్టాను. నువ్వు పుట్టిన దగ్గర్నుంచి ఎప్పుడు కూర్చున్నావు?

పెట్టె తప్పేం లేదు. ఈ ఏడాది అది లేకపోతే నేను ఏమైపోయేదాన్నో. పొద్దున్న లేవగానే "ఏటమ్మా" అని ఒక మాట వినబడింది కాబట్టి లేచాను, పొయ్యి ముట్టించాను. చెడ్డదని ఎందుకంటాను? కానీ దాంట్లో ఉన్నది నువ్వు నాకు మిగిల్చిన గొంతు. వాన వస్తే బయటికి పరిగెత్తేది వేరే.

హమజాకి గారికి మళ్ళీ కబురు పెట్టాను. నిన్నటి కబురు కొట్టెయ్యమని, పేరు చిన్నాకే ఇస్తానని.


దశమి

రేపు పేరు ఇచ్చేస్తాం, పెట్టె మూగైపోతుంది.

పొద్దున్నంతా నీతో ఏవో మాట్లాడాను. పెద్ద మాటలేం కావు. మిరపకాయలు, పక్కింటి పిల్లి, ఎవరి కట్టు తెగింది. నువ్వు ఊ కొట్టావు. చెప్పాల్సింది ఏదీ మిగల్లేదు అనిపించేదాకా చెప్పి లేచాను.

లేస్తే గుమ్మంలో మీ అయ్య. తల దువ్వుకుని, ఉతికిన చొక్కా వేసుకుని ఉన్నాడు. నన్ను పక్కకి జరగమన్నట్టు చూశాడు. జరిగాను. పెట్టె ముందు గొంతుక్కూర్చున్నాడు, ఏడాదిలో మొదటిసారి.

"గున్నా."

"ఏటయ్యా."

ఆ మాట విని మీ అయ్య మోకాళ్ళు పట్టుకున్నాడు. "ఈ ఏడు గుల్లలు బాగున్నాయి" అన్నాడు.

"అలాగేటి అయ్యా."

"ఆ మూడో మేడ బాల్కనీకి కట్టిన తాడు. నువ్వు సిన్నప్పుడు పడిపోయినావు సూడు, అక్కడ."

"ఊ."

"గాలి తూర్పు నుంచి ఒస్తంది. రేపు సముద్రం సదునుగానే ఉంటాది." ఇంకేదో అందామనుకున్నాడు. నేను అందించబోయాను, చెయ్యి ఊపాడు, వద్దని. ఆఖరికి, "మరి ఎల్లిరా అమ్మా" అన్నాడు.

"ఎల్లొస్తానయ్యా" అన్నావు.

మీ అయ్య లేచి పడవ దగ్గరకి పోయాడు. పడవలో పనేం లేదు.


ఏకాదశి

పేరు ఇచ్చే రోజు.

హమజాకి గారు నల్ల బట్టల్లో వచ్చింది. ఇవాళ కూర్చుంది. తువ్వాళ్ళవాళ్ళ తరఫున ఆ ముసలాయన వచ్చాడు. చినాత్సు వచ్చింది, ఈసారి గుమ్మం చూసుకుని దాటింది. వీళ్ళ పద్ధతిలో అందరూ నేల మీద చేతులు పెట్టి వంగాలి, ఆఫీసావిడ పేరు చదవాలి, అంతే.

నేను అన్నాను, "అంతా మీ పద్ధతే చెయ్యండి. ఒక్కటి మాత్రం మా పద్ధతి చెయ్యనివ్వండి. మాలో పేరు అందరి ముందరా చదవం. పిల్ల చెవిలో చెబుతాం. మేనత్త చెప్పాలి. ఈ పిల్ల వచ్చిన రోజు నుంచి నన్ను అత్తా అనే అంటోంది."

హమజాకి గారు కాగితాలు పక్కన పెట్టేసింది.

చినాత్సుని దగ్గరకి పిలిచాను. జుట్టు చెవి వెనక్కి తీశాను. చెవి చల్లగా ఉంది, భయపడుతోంది. మూడుసార్లు చెప్పాను, ఉషియో, ఉషియో, ఉషియో. మూడోసారికి నా గొంతు నాకే వినబడలేదు. దానికి వినబడింది. తల ఊపింది.

గున్న అన్న పేరు మాత్రం చెప్పలేదు. అది ఇవ్వను. అది ఏ ఆఫీసుకీ తెలీదు. ఈ రాతలో ఉంది కదా అంటారేమో. రాతలో ఉంటే ఉండనీ. పిలిచేది మేమిద్దరమే.

తరవాత పెట్టె మీద చిన్న దీపం ఆరిపోయింది. చప్పుడేం కాలేదు. నేను ఏదో చప్పుడవుతుందనుకున్నాను.

ముసలాయన బయటికి వెళ్ళి పడవలవాళ్ళకి చెప్పాడు. అక్కడ ఎవరూ అరవలేదు, వంగారు. నేను కూడా వంగాను.


సంవత్సరీకం మర్నాడు

చిన్నా,

ఈ రాత నీకు చేరుతుందన్నారు. ఇంతవరకూ నా కూతురికి రాశాను. ఇది నీకు. చదివి చెప్పేవాళ్ళని పెట్టుకో, నా తప్పులు నవ్వుకుంటూ చదవమను.

నిన్న సంవత్సరీకం చేశాం. చేశాక సాయంత్రం నీ మొదటి పాట వచ్చింది. మన వీధిలో అందరి గోడల మీదా తెరలు వెలిగాయి. నేను గుల్లలు కడుగుతూ విన్నాను. కూర్చుని వింటే గుండె ఆగిపోతుందేమోనని భయమేసి పని పెట్టుకున్నాను.

మొదట్లో అంతా నా గున్నే. చెయ్యి ఆగిపోయింది. తరవాత పైకి పోయే చోట గొంతు జీరపోయింది. నా కూతురికి ఎప్పుడూ అక్కడ జీరపోలేదు. అది నీది. నువ్వు భయపడి ఆపేస్తావనుకున్నాను. ఆపలేదు. ఆ జీర గొంతుతోనే అలా పైకి పోయావు, నా కూతురు నీ పక్కన పోయింది. ఆ తరవాత ఎవరు ఎక్కడున్నారో నాకు తెలీలేదు. తెలుసుకోవాలని కూడా అనిపించలేదు. పాట అయిపోయాక చూస్తే నీళ్ళలో చేతులు పెట్టుకుని అలాగే ఉన్నాను, గుల్లలు కడిగినవీ కడగనివీ కలిసిపోయాయి. మళ్ళీ అన్నీ కడిగాను.

మీ మామయ్య, అదే మా ఆయన, ఏమన్నాడో తెలుసా? "దీని గొంతు మీద కొంచెం మంచు ఉన్నాదే, ఎండ తగిలితే బాగుంటాది" అన్నాడు. అది పొగడ్తే. ఆయన అంతకన్నా పొగడడు.

ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. అబద్ధం చెప్పను. పొద్దున్న లేచి గున్నా అన్నాను, ఎవరూ పలకలేదు. కాసేపు మంచం మీదే కూర్చున్నాను. పోటు వచ్చింది, కట్లు సడలించాలి కదా, లేచాను. పక్కింటావిడ తాడు దగ్గర నిన్నటి పాట కూనిరాగం తీస్తోంది. ఆవిడకి నా కూతురెవరో తెలుసు, నువ్వెవరో తెలీదు. రెండూ కలిపి తీస్తోంది. నేను కూడా తాడు వదులుతూ సన్నగా అందుకున్నాను. ఏడాదిగా నేను నోరు విప్పి పాడలేదు.

నువ్వు నా కూతురివి కావాలని నేను అడగను. నీకు అమ్మ ఉంది, మంచు కొండల్లో. ఆవిడకి నా దణ్ణాలు చెప్పు. నీ గొంతు పెరిగి నా కూతురి గొంతు కనబడకుండా పోయిన రోజున నాకు చెప్పొద్దు. వింటూ ఉంటాను కదా, నాకే తెలుస్తుంది. ఆ రోజు ఏడుస్తానేమో. ఏడ్చినా నువ్వు ఆపొద్దు. ఎదురు మాట్లాడడం కూడా ఆపొద్దు. వాన వస్తే వచ్చిపో.

ఊళ్ళు తిరుగుతావు, పెద్ద పెద్ద చోట్ల పాడతావు, వేళ తెలీదు. పాట ముందర భయంతో ఏం దిగదని హమజాకి గారు చెప్పింది. దిగకపోయినా కూర్చో. వేడిగా, కడుపు నిండా అన్నం తిను.